పెద్దగోపురం వీధిలో ఎత్తైన ఇల్లు

సభాసదులందరికీ నమస్కారం. పాలకొల్లులో క్షీరారామ శివాలయం చుట్టూ ఉన్న పాత వీధుల్లో ఈనాటి కుటుంబాలకు ఎత్తైన నివాస భవనం కట్టవలసి వస్తే ఎలా కట్టాలన్నదే నేను మాట్లాడదలచిన విషయం. అలాంటి చోట ఎత్తే పనికిరాదన్న వాదనను నేను ఒప్పుకోను. తొమ్మిది అంతస్తులతో 120 అడుగుల ఎత్తున నిలిచిన ఆ ఆలయ పెద్దగోపురం ఉన్న ఊరికి ఎత్తు కొత్త కాదు. అయితే ఆ గోపురం పైకి పోయేకొద్దీ సన్నబడుతుంది, దాని పాదం దగ్గర మనుషులు నడిచివెళ్లే ద్వారం ఉంటుంది. మనం కడుతున్న అపార్టుమెంట్లు మాత్రం నిట్టనిలువుగా దిగి, వీధివైపు కార్లను, స్తంభాలను చూపిస్తున్నాయి. నా అభ్యంతరమంతా అక్కడే.

అంతస్తుకు పదడుగుల లెక్కన పన్నెండంతస్తులు వేస్తే గోపురంతో సమానమవుతాం. పైన నీళ్లట్యాంకు, లిఫ్టు గది, పిట్టగోడ చేరితే దానిని మించిపోతాం. అందుకే తొమ్మిదంతస్తుల దగ్గర ఆగాలంటాను. వీధి మొదట్లో నిలబడిన మనిషికి గోపురం కనిపించే దారి మూసుకుపోకుండా, పై అంతస్తులను వెనక్కి జరపాలి.

ఇక మండువా గురించి. మండువా లోగిలి గుర్తుగా తొమ్మిదో అంతస్తు మీద నాలుగు వరుసల పెంకులు పరిచే పద్ధతి నాకు బాధ కలిగిస్తుంది. నాలుగు వైపుల చూరు నీళ్లూ నడిమి వాకిట్లోకి దిగి తూము గుండా బయటికి పోవడం, ఇంట్లో వేడెక్కిన గాలి ఆ ఖాళీలోంచి పైకిపోతుంటే వీధివైపునుంచి చల్లగాలి లోపలికి రావడం, ఇదీ మండువా చేసే పని. ఆ పనిని అపార్టుమెంట్లలో గాలికోసమని వదిలే ఆరడుగుల వెడల్పున్న డక్టు, అంటే నిలువు ఖాళీ, చేయలేదు. వంటల పొగ పై వాళ్ల కిటికీలలోకి ఎక్కడం తప్ప దానివల్ల ఒరిగేదేమీ లేదు. నేనైతే మూడేసి అంతస్తులకు మండువాలాంటి ఒక నడిమి వాకిలి చొప్పున, సాయంత్రం సముద్రం మీదినుంచి వచ్చే గాలి వైపు ఒక పక్క పూర్తిగా తెరిచి ఉంచి, ఇళ్ల తలుపులన్నీ దానిమీదికి తెరుచుకునేలా గీస్తాను. అమ్మకానికి వచ్చే చదరపు అడుగులు తగ్గుతాయి, నిజమే. ఆ తగ్గుదలను ముందే ధరలో కలుపుకొమ్మని బిల్డరుకు చెప్పాలి.

వీధివైపు అరుగు తప్పనిసరి. మా మేనత్తగారి అరుగు రాతి అంచున, పెరుగమ్మే ఆవిడ రోజూ కుండ దించీ దించీ, అరచేయంత గుంట పడి ఉండేది. కొనేవారూ అమ్మేవారూ కూర్చుని మాట్లాడుకునే ఆ చోటును, స్తంభాల మీద ఇంటిని నిలిపి కింద కార్లు పెట్టుకునే స్టిల్టు పార్కింగు మింగేసింది. కార్లను స్థలం వెనక భాగంలో పెట్టి, ముందు రెండున్నర అడుగుల ఎత్తున పొడవాటి అరుగు కట్టి, దాని వెంబడి చిన్న దుకాణాలకు చోటిస్తే, వాన నీటినుంచి రక్షణా దొరుకుతుంది, వీధికి మనుషులూ మిగులుతారు.

అన్నిటికన్నా జాగ్రత్త పడవలసింది పునాది దగ్గర. కాలువల నడుమ ఉన్న ఈ నల్లరేగడిలో కొద్ది అడుగులకే నీరు పడుతుంది. కొన్నేళ్ల కిందట డెల్టాలోనే మరో ఊళ్లో నేను పనిచేసిన కట్టడానికి సెల్లారు తవ్వి, మోటార్లు పెట్టి రాత్రింబవళ్లు నీళ్లు తోడాం. నీటిమట్టం దిగి బంకమట్టి కుంగడంతో, పక్కనున్న పెంకుటింటి డంగు సున్నపు గోడ గుమ్మం పైనుంచి మూలదాకా చీలింది. ఆ ఇంటావిడ ఒక్క మాటా అనకుండా ఆ చీలికలో చిటికెనవేలు పెట్టి చూపించారు. తప్పు మాదే. ఆనాటినుంచి ఇలాంటి చోట నేను సెల్లారు గీయలేదు. సుత్తితో దిగగొట్టే పైల్స్ (నేలలోకి లోతుగా దింపే పునాది స్తంభాలు) బదులు, చుట్టుపక్కల అదురు తక్కువగా ఉండేలా తొలిచి కాంక్రీటు పోసే పైల్స్‌నే వాడుతున్నాను. పని మొదలుకాకముందే ఇరుగుపొరుగు గోడలన్నిటికీ ఫొటోలు తీయించి, ఉన్న ప్రతి పగులుకూ అడ్డంగా, గోడ కదిలితే పగిలేలా గాజుపలక అతికించి, దానిమీద తేదీ రాయిస్తాను. ఆ పలక పగిలినట్టు పొరుగువారు కబురు చేస్తే, ఎవరి అనుమతికీ ఎదురుచూడకుండా మేస్త్రీ ఆ పూటే పైల్స్ తొలిచే రిగ్గు యంత్రాన్ని ఆపాలని కాంట్రాక్టులోనే రాస్తాను.