పాట డ్రైవు దాటి రాలేదు

సభాధ్యక్షుల వారికి, వేదిక మీది పెద్దలకు, గ్రంథాలయ సిబ్బందికి, సెలవు రోజున కూడా వచ్చిన విద్యార్థులకు, వారిని వెంటబెట్టుకొని వచ్చిన తల్లిదండ్రులకు నమస్కారం. విద్యార్థులు, కంప్యూటర్లు అన్న అంశం మీద మాట్లాడమని నిర్వాహకులు నన్ను పిలిచారు. ఆ అంశం మీద మాట్లాడగలవారు విజయనగరంలో వీధికొకరు ఉన్నారు కనుక, వారి మన్ననతో నేను పాత కంప్యూటర్ ఆటల్లోని సంగీతం గురించి, దానిని ఇప్పటి యంత్రాల మీద మళ్ళీ పలికించడం గురించి మాట్లాడతాను. 1919లోనే సంగీత కళాశాల వెలసిన ఊరిలో ఈ ప్రస్తావన తేవడానికి నాకు సంకోచం లేదు.

తొలినాటి ఆటల్లో ఉన్నది చాలావరకు రికార్డు చేసిన పాట కాదు. ఏ స్వరం, ఏ వాద్యం, ఎంతసేపు అని రాసిపెట్టిన కాగితం వంటిది మాత్రమే ఆటలో ఉండేది. వాయించవలసింది కంప్యూటర్‌లో ధ్వనిని పలికించే సౌండ్ కార్డు. గొల్లపల్లిలో పనస దుంగను తొలిచి చేసిన బొబ్బిలి వీణ మీద విన్న కృతినే హార్మోనియం మీద వింటే స్వరాలు అవే అయినా పలుకు మారిపోతుంది కదా, ఇదీ అంతే. 1987లో వచ్చిన యాడ్‌లిబ్ కార్డులోని యమహా చిప్పుది తొమ్మిది గొంతుల మేళం. అదే ఏడాది వచ్చిన రోలాండ్ ఎంటీ-32 అనే సంగీత పరికరానిది పూర్తిగా వేరే మేళం. వాద్యాలకు వరుస సంఖ్యలను ఖాయం చేసిన జనరల్ మిడి అనే ప్రమాణం 1991లో గాని రాలేదు. అందువల్ల ఎంటీ-32 కోసం కూర్చిన పాటను నేటి విండోస్‌లో స్వరాలు పలికించే సింథసైజర్ చేతికిస్తే, సంఖ్యలు కుదరక ఒక వాద్యం పలకవలసిన చోట మరొకటి పలుకుతుంది. దీనికి మందు ఉంది. పాత ఆటలను నేటి యంత్రాల మీద నడిపే డాస్‌బాక్స్ అనే ప్రోగ్రాంలో ఆటను తెరిచి, ఆట సెటప్‌లో యాడ్‌లిబ్ పలుకు కూడా ఉన్న సౌండ్ బ్లాస్టర్ కార్డును ఎంచుకొని, అది అడిగే చోట చిరునామా 220, ఐఆర్‌క్యూ 7, డీఎంఏ 1 అని ఇస్తే యాడ్‌లిబ్ గొంతు తిరిగి వస్తుంది. ఎంటీ-32కు దానిని అనుకరించే మంట్ అనే ఎమ్యులేటరు, దానితోపాటు ఆ పరికరం లోపలి శాశ్వత మెమరీ అయిన రోమ్ ప్రతి కావాలి. ఇది ఒక సాయంత్రం పని. నన్ను ఇరవై ఏళ్ళకు పైగా వేధిస్తున్నది ఇది కాదు.

1999లో మా ఇంటికి కంప్యూటర్ వచ్చింది. మా బావ బెంగళూరు నుంచి వస్తూ క్వేక్ అనే ఆట అసలు సీడీని తెచ్చి ఇచ్చాడు. తుపాకి మోగేది, రాక్షసులు అరిచేవారు, సంగీతం మాత్రం లేదు. కంప్యూటర్ బిగించిన కుర్రాణ్ణి అడిగితే, "ఈ గేముకి పాటలేటీ ఉండవు బాబూ" అన్నాడు. నమ్మాను. ఏడాదికి పైగా ఆ ఆటను పాట లేకుండానే ఆడాను. ఒక రాత్రి ఇంట్లో అందరూ నిద్రపోతున్నారని ఇయర్‌ఫోన్లు తెచ్చి, చీకట్లో తడుముకుంటూ స్పీకర్లకు పెట్టబోయి సీడీ డ్రైవు ముందున్న రంధ్రంలో పెట్టాను. సంగీతం మోగుతోంది! ఇన్నాళ్ళూ అది ఆ డ్రైవులో మోగుతూనే ఉంది, బయటికి దారి లేక అక్కడే ఆగిపోయింది. ఆ రోజుల్లో సీడీ పాట ప్రాసెసరు దాకా వచ్చేది కాదు. డ్రైవు తానే పాడి, వెనుక నుంచి నాలుగు పిన్నుల సన్నటి తీగ మీదుగా సౌండ్ కార్డుకు అందించేది. ఆ జానెడు తీగను మా కంప్యూటర్‌లో ఎవరూ తగిలించలేదు. మరునాడు పెట్టె విప్పి చూస్తే, సౌండ్ కార్డు మీద ఆ తీగ పట్టే తెల్లని గూడు దుమ్ము పట్టి ఖాళీగా ఉంది.

అయ్యా, గమనించండి. యంత్రం ఒక్క తప్పు కూడా చూపలేదు. బొమ్మ రాకపోతే ఆట ఆగిపోతుంది, మనం లబోదిబోమంటాం. పాట రాకపోతే ఆట సాగుతూనే ఉంటుంది. ఆడేవాడు పాటే లేదనుకుంటాడు.

ఇంత తెలిసిన నేనే తరువాత అంతకంటే పెద్ద తప్పు చేశాను. సీడీకి గీతలు పడుతున్నాయని దానిని ఐఎస్ఓ అనే డిస్కు నకలు ఫైలుగా కాపీ చేసి, భద్రపరిచానన్న ధీమాతో అసలుదాన్ని అడిగినవారికి ఇచ్చేశాను. ఐఎస్ఓలోకి మొదటి ట్రాక్‌లోని డేటా మాత్రమే వచ్చింది. రెండో ట్రాక్ నుంచి ఉన్నవన్నీ పాటలే. అవి ఫైళ్ళుగా కనిపించవు, ఐఎస్ఓలో ఇమడవు. సీడీని గడులుగా విభజించిన సెక్టార్లలో, డేటా సెక్టారులో మనకు దక్కేది 2,048 బైట్లు, పాట సెక్టారులో 2,352 బైట్లు. ఆ రెండింటినీ కలిపి పట్టేది బిన్, కూ అనే ఫైళ్ళ జత. బిన్‌లో సరుకు ఉంటుంది, కూలో ఏ ట్రాక్ ఎక్కడ మొదలవుతుందో నాలుగు వాక్యాల్లో రాసి ఉంటుంది. డాస్‌బాక్స్‌లోని ఇమేజ్‌మౌంట్ (imgmount) అనే ఆదేశానికి ఆ కూ ఫైలు పేరు చెబితే, ఏ తీగా లేకుండానే పాట వస్తుంది. సీడీ ఇచ్చేసిన తరువాత నాకు ఇది తెలిసింది.

ఇప్పుడు చెప్పండి, మీలో ఎందరి ఇళ్ళల్లో అటక మీద పాత సీడీల డబ్బా ఉంది? చేతులు ఎత్తండి. తల్లులు ఎక్కువగా ఎత్తుతున్నారు, పారేయాలని చూస్తున్నది కూడా వారే అయి ఉంటారు. అమ్మా, పండుగ ముందు ఇల్లు సర్దేటప్పుడు ఆ డబ్బాను ఒక్క నెల పక్కన పెట్టండి. పిల్లలూ, దానిని ఐఎస్ఓ చేయకండి. చేస్తే బిన్, కూ జతగా చేయండి, చేశాక ట్రాకులు ఎన్ని వచ్చాయో లెక్కపెట్టండి. ఒక్కటే వస్తే డిస్కులో నిజంగా ఒక్కటే ఉందా అని చూసుకొనే దాకా అసలుదాన్ని ఎవరికీ ఇవ్వకండి.

నాకిచ్చిన సమయం దాటిపోయిందని అధ్యక్షుల వారు గడియారం చూపిస్తున్నారు. ఆ కిటికీ పక్కన బల్ల మీద నా ల్యాప్‌టాప్, దానికి తగిలించిన సీడీ డ్రైవు ఉన్నాయి; సభ ముగిశాక ఎవరు డిస్కు తెచ్చినా అక్కడే కాపీ చేసి ఇస్తాను. డ్రైవు కొత్తదే, బాగానే చదువుతుంది. ముందు వైపు ఇయర్‌ఫోన్ రంధ్రం మాత్రం దానికి లేదు.