ఏ లక్ష్మీపురం?

శ్రోతలకు నమస్కారం.

ఆ మధ్య ఒకరోజు రాత్రి రెండు గంటలప్పుడు మా మేనల్లుడు ఫోన్ చేశాడు. వాడిది గల్ఫ్‌లో వెల్డింగ్ పని. సెలవు అయిపోయి, బరంపురంలో రైలెక్కి భువనేశ్వర్ వెళ్ళాడు. అక్కడ ఒక విమానమెక్కి, ఇంకో ఊళ్ళో గల్ఫ్ విమానం అందుకోవాలి. "మావయ్యా, కంప్యూటర్లు ఆగిపోయాయట. మేం దిగేసరికి గల్ఫ్ విమానం వెళ్ళిపోయింది" అన్నాడు. అమ్మ కట్టిచ్చిన అరిసెల డబ్బా ఒళ్ళో పెట్టుకుని నేలమీదే కూర్చున్నాడట. కౌంటర్లో ఎవరినడిగినా టెక్నికల్ ప్రాబ్లం అనే మాట తప్ప ఇంకేమీ చెప్పలేదట.

ఏమిటా ప్రాబ్లం? ప్రతి విమానం బయల్దేరే ముందే ఏ దారిన, ఎంత ఎత్తులో, ఎన్ని గంటలకు వెళ్తుందో రాసిచ్చే ఫ్లైట్ ప్లాన్ ఒకటుంటుంది. అది దారి పొడుగునా నేలమీద నుంచి విమానాలను నడిపించే కంట్రోలర్లకు అందాలి. 2025 నవంబరులో ఢిల్లీలో ఈ సమాచారాన్ని చేరవేసే వ్యవస్థే మొరాయించింది. కంట్రోలర్లు ఆ పనంతా చేత్తో చేయాల్సి వచ్చింది. 7వ తేదీన 800కు పైగా విమానాలు ఆలస్యమయ్యాయి.

మన రైలుమార్గం పక్క ఊళ్ళవాళ్ళకు ఇది కొత్తేమీ కాదు. సిగ్నల్ పాడైతే స్టేషన్ మాస్టర్ కాగితం రాసిచ్చేదాకా బండి కదలదు. ఎంత తిట్టుకున్నా ఆ కాగితమే మన ప్రాణాలకు హామీ. విమానాల్లోనూ అంతే. మనిషి చూసుకోగలిగినన్నే వదులుతారు. ఆ ఆలస్యాన్ని నేను తప్పు పట్టను.

నాకు మింగుడుపడనిది వేరే ఉంది. 2023 ఆగస్టు 28న బ్రిటన్‌లో ఒకే ఒక్క ఫ్లైట్ ప్లాన్ దగ్గర, ఆ ప్లాన్లు చదివే కంప్యూటర్ ఆగిపోయింది. లాస్ ఏంజెలిస్ నుంచి పారిస్ వెళ్ళే విమానం అది. దాని దారిలో డీవీఎల్ అనే గుర్తు రెండు చోట్లకు ఉంది: ఒకటి అమెరికాలో డెవిల్స్ లేక్, ఇంకొకటి ఫ్రాన్స్‌లో డోవిల్. మన దగ్గర లక్ష్మీపురం అని చిరునామా రాస్తే పోస్ట్‌మ్యాన్ "ఏ లక్ష్మీపురం బాబూ, ఇటుదా, కొరాపుట్ వైపుదా?" అని అడుగుతాడు. ఆ యంత్రానికి అడగడం చేతకాలేదు. తప్పు దారి చూపించడం కంటే ఆగిపోవడమే మేలన్నట్టు ఆగిపోయింది, అది మంచిదే. కానీ పక్కనే సిద్ధంగా ఉంచిన రెండో యంత్రం కూడా అదే ప్రోగ్రాంతో నడుస్తోంది. అదే ప్లాన్ చదివి అదే చోట బోల్తాపడింది. ఇదంతా అరనిమిషం లోపే. 7 లక్షల మందికి పైగా ప్రయాణికులు ఇబ్బంది పడ్డారు. ఒకే పాఠం బట్టీపట్టిన ఇద్దరిని పక్కపక్కన కూర్చోబెడితే ఒకరు తప్పిన చోట రెండోవారు ఎలా ఆదుకుంటారు?

ఇక మావాడి సంగతి. నాలుగు డబ్బులు తగ్గుతాయని ఏజెంటు రెండు విమానాలకు విడివిడిగా టికెట్లు తీశాడు. రెండూ ఒకే టికెట్ మీద, అంటే ఒకే పీఎన్ఆర్ నంబరు మీద ఉంటే, మొదటిది ఆలస్యమై రెండోది తప్పినా, ఇంకో విమానంలో చోటు చూసే బాధ్యత విమాన సంస్థదే అయ్యేది. విడి టికెట్లు కాబట్టి మావాడు అప్పుచేసి మళ్ళీ కొనుక్కున్నాడు. గల్ఫ్‌కి పిల్లల్ని పంపే తల్లిదండ్రులారా, డబ్బు కట్టే ముందే ఈ ఒక్క మాట అడగండి.

మా అక్కకు చదువు రాదు. మొన్న వాడు మళ్ళీ బయల్దేరుతుంటే తనే ఏజెంటు దుకాణానికి వెళ్ళి బల్ల ముందు నిలబడింది. "రెండు విమానాలకీ ఒకటే పీఎన్ఆర్ ఉందా, నాయనా?" అని అడిగి, చూపించేదాకా కదల్లేదు.


నమస్కారం.