స్పీడ్ సరే, పబ్లిక్ ఐపీ ఇస్తున్నారా?

నమస్తే అండి. గుంటూరు బ్రాడీపేటలో మా ఇంటికి కొత్త ఫైబర్ కనెక్షన్ పెట్టించి నెల దాటింది. స్పీడ్ గురించి ఒక్క ముక్క: బాగుంది. 100 ఎంబీపీఎస్ ప్లాన్, వైరు పెట్టి చూస్తే 90 పైనే వస్తోంది.

ఇబ్బంది వేరే చోట వచ్చింది. నాన్న పట్నంబజారు కొట్లో కూర్చుని ఇంటి గేటు కెమెరా ఫోన్‌లో చూసుకుంటారు. పాత కనెక్షన్‌లో డీవీఆర్‌కి, అంటే కెమెరా వీడియో రికార్డు చేసే పెట్టెకి, పోర్ట్ ఫార్వర్డింగ్ పెడితే సరిపోయేది. బయటి నుంచి వచ్చే పిలుపుని ఆ పెట్టెకి పంపమని రౌటర్‌కి చెప్పే సెట్టింగ్ అది. ఇందులో ఎంత పెట్టినా రాలేదు. కస్టమర్ కేర్ వాళ్లు రౌటర్ రీసెట్ చేయమన్నారు. రెండు రోజులు అదే పని.

ఇదిగో, స్క్రీన్ చూడండి. 192.168.1.1 కొట్టి రౌటర్‌లోకి వెళ్లాను. వాన్ (WAN) స్టేటస్‌లో, అంటే రౌటర్‌కి కంపెనీ ఇచ్చిన అడ్రస్ కనిపించే చోట, ఐపీ 100.72తో మొదలవుతోంది. ఇప్పుడు గూగుల్‌లో 'వాట్ ఈజ్ మై ఐపీ' కొడుతున్నా. చూశారా, వేరే నంబరు! ఈ రెండూ కలవలేదంటే మీ రౌటర్‌కి పబ్లిక్ ఐపీ, అంటే బయటి ఇంటర్నెట్ నుంచి నేరుగా చేరగలిగే సొంత అడ్రస్, లేనట్టే. రౌటర్ ఆఫ్ చేసి ఆన్ చేశాను, 100.72 కాస్తా 100.81 అయింది. రౌటర్ కంపెనీ నెట్‌వర్క్‌లోకి లాగిన్ అయిన ప్రతిసారీ ఖాళీగా ఉన్నదొకటి ఇస్తారన్నమాట.

ఇలా ఇంటికి సొంత పబ్లిక్ ఐపీ ఇవ్వకుండా ఒకదాన్నే పంచడాన్ని సీజీనాట్ (CGNAT) అంటారు. ఐపీవీ4 అనే ఈ పాత తరహా అడ్రస్‌లు మొత్తం దాదాపు 430 కోట్లే. ప్రపంచమంతటికీ పంచే నిల్వ 2011 ఫిబ్రవరిలోనే అయిపోయింది. అందుకే ఒక్క పబ్లిక్ అడ్రస్‌ని చాలా ఇళ్లకు కలిపి వాడుతున్నారు. లోపల ఇళ్లకు ఇచ్చుకోవడానికి 100.64 నుంచి 100.127 దాకా ఉన్నవాటిని 2012లో విడిగా కేటాయించారు. మనం యూట్యూబ్ తెరిస్తే ఏ ఇల్లు అడిగిందో కంపెనీ పెట్టె రాసుకుంటుంది, వీడియో మనకే చేరుతుంది. అదే నాన్న కొట్లోంచి పిలిస్తే ఏ ఇంటికి పంపాలో దానికి తెలీదు. తప్పు రౌటర్‌ది కాదండి.

ఐపీవీ6 అనే కొత్త తరహా అడ్రస్‌లు ఉంటే ఈ కొరతే లేదు. మా రౌటర్‌కి ఆ అడ్రస్ వచ్చింది కూడా. కానీ మా పాత డీవీఆర్‌కి ఐపీవీ6 రాదు. చివరికి నెలకి కొంత ఎక్కువ కట్టి స్టాటిక్ ఐపీ, అంటే మాకే ఉండే, మారని పబ్లిక్ ఐపీ, తీసుకున్నాం. మీరూ తీసుకుంటే ముందు డీవీఆర్ పాస్‌వర్డ్ మార్చండి, దయచేసి. కొన్నప్పుడు ఉన్న పాస్‌వర్డే ఉంచేస్తే ఊరందరికీ మీ ఇల్లు కనిపిస్తుంది.

ఇంట్లో కెమెరా ఉంటే, వైరు లాగకముందే పబ్లిక్ ఐపీ సంగతి అడగండి. నిన్న సాయంత్రం నాన్న కొట్లోంచి ఫోన్ చేశారు, గేటు తీసే ఉంది, వేసేయమని.