సెలవు ఇస్తే సరిపోతుందా?

మీలో చాలామంది ఎన్‌సీసీ యూనిఫాంలోనే వచ్చి కూర్చున్నారు కాబట్టి నేరుగా విషయంలోకి వస్తాను. సైన్యంలో చేరతానంటే "మరి పెళ్లెప్పుడు, పిల్లలెప్పుడు?" అని ఇంట్లో అడిగే ఉంటారు. అలా అడిగేది మీ అమ్మమ్మ ఒక్కరే కాదు. గర్భం, మాతృత్వం, ఇంటి బాధ్యతలు మహిళా అధికారుల సేవకు అడ్డంకులని మన ప్రభుత్వమే సుప్రీంకోర్టుకు రాసిచ్చింది. 2020 ఫిబ్రవరి 17న బబితా పునియా కేసులో జస్టిస్ చంద్రచూడ్ ఆ వాదనను మూస ఆలోచనగా తోసిపుచ్చి, మహిళలకు శాశ్వత కమిషన్‌కు, అంటే పదవీ విరమణ వయసు దాకా అధికారిగా కొనసాగే అవకాశానికి, దారి తెరిచారు.

అంతకుముందు పరిస్థితి ఇంకా విచిత్రం. 1977 నాటి ఒక సైనిక ఉత్తర్వు ప్రకారం మిలిటరీ నర్సింగ్ సర్వీసులోని అధికారిణి పెళ్లి చేసుకుంటే ఉద్యోగం తీసేయవచ్చు. 1988లో ఒక లెఫ్టినెంట్‌ను అలాగే పంపేశారు. జవాన్ల భార్యలకు పురుళ్లు పోసే ఆసుపత్రుల్లో నర్సు పెళ్లాడటమే తప్పయింది! ఆ ఉత్తర్వును 1995లో ఉపసంహరించుకున్నారు. ఆమెకు 60 లక్షల రూపాయలు చెల్లించాలని సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చేసరికి 2024 వచ్చింది.

ఇప్పుడు సెలవుల విషయంలో ఫిర్యాదు లేదు. ఇద్దరు పిల్లల వరకు, ప్రతి కాన్పుకూ పూర్తి జీతంతో 180 రోజులు. పిల్లల సంరక్షణకు సర్వీసు మొత్తంమీద 360 రోజులు. అధికారులకున్న ఈ సౌకర్యాన్ని 2023 నవంబరులో మహిళా జవాన్లకు, నావికులకు, వైమానిక సిబ్బందికి కూడా వర్తింపజేశారు. మంచిదే.

చిక్కంతా వయసు లెక్కలో ఉంది. ఇరవై రెండు, ఇరవై మూడేళ్లకు షార్ట్ సర్వీస్ కమిషన్‌లో, అంటే పరిమిత కాలపు అధికారిగా, చేరిన అమ్మాయికి శాశ్వత కమిషన్ ఇవ్వాలా వద్దా అన్నది పదో ఏట తేలుతుంది. కోర్సులు, కఠినమైన పోస్టింగులు, శారీరక పరీక్షలు, పనితీరుపై పైఅధికారులు ఏటా రాసే రహస్య నివేదికలు అన్నీ ఆ పదేళ్లలోనే. పిల్లల్ని కనే వయసూ అదే. 2016 జూన్‌లో మన దుండిగల్ వైమానిక దళ అకాడమీలోనే తొలి ముగ్గురు మహిళా ఫైటర్ పైలట్లు కమిషన్ అందుకున్నారు. నాలుగేళ్ల పాటు మాతృత్వం వాయిదా వేసుకోవాలని వైమానిక దళం వాళ్లకు సూచించింది. శిక్షణ మధ్యలో ఆగకూడదన్నది కారణం. కారణం అర్థమవుతుంది. కానీ అదే శిక్షణలో ఉన్న మగ పైలట్ తండ్రి అయితే మిఠాయి పంచుతారు.

2021 మార్చిలో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చిన, మహిళా అధికారుల శాశ్వత కమిషన్‌పై నడిచిన నితీశా కేసు ఈ లెక్కనే పట్టుకుంది. మగవాళ్లకు పాతికా ముప్పై ఏళ్ల మధ్య పెట్టే వైద్య ప్రమాణాన్ని, శాశ్వత కమిషన్ హక్కు కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసి నలభై దాటిన మహిళలకూ యథాతథంగా పెట్టారు. పైకి అందరికీ ఒకే కొలత. ఫలితం మాత్రం వివక్షేనని కోర్టు చెప్పింది.

ఫుట్‌బాల్ ఆడుతూ కాలు విరగ్గొట్టుకున్న కెప్టెన్ ఆరు నెలల తరువాత తిరిగి వస్తే, "మగవాళ్లు ఆటలాడతారు, వాళ్లకు బాధ్యతలు అప్పగించలేం" అని ఎవరైనా ఫైలులో రాస్తారా? బాలింతకూ అదే మర్యాద చాలు. తప్పిపోయిన కోర్సును సీనియారిటీ పోకుండా తరువాతి బ్యాచ్‌తో చేయనివ్వాలి. పాలు తాగే బిడ్డ ఉన్నప్పుడు భార్యాభర్తలను ఒకే స్టేషన్‌లో ఉంచే ప్రయత్నం చేయాలి.

నాలుగేళ్ల కాలానికి తీసుకునే అగ్నివీర్‌గా వెళ్లాలనుకునేవారికి ఒక్క మాట: ఆ నాలుగేళ్లూ పెళ్లి కుదరదు. అబ్బాయిలకూ ఇదే నిబంధన ఉంది కాబట్టి దీన్ని పాత నర్సుల ఉత్తర్వుతో కలపను. సంతకం పెట్టేముందు చదువుకోండి. ఇక ప్రశ్నలు అడగండి.