వాడుక నీటికి నిధులు: ఏ పనిని ఏ పద్దులో రాయాలి?

అందరికీ నమస్కారం. సర్పంచులు, కార్యదర్శులు, రైతులు అందరూ ఉన్న సభ కాబట్టి నేరుగా లెక్కల్లోకి వెళ్దాం.

తాగునీటికి జల్ జీవన్ మిషన్ ఉంది, మనిషికి రోజుకు 55 లీటర్లు. సాగునీటికి ఒక శాఖే ఉంది. పశువులు తాగే నీళ్లకు, మందు పిచికారీలో కలిపే నీళ్లకు, వేరుశెనగ ఊడలు దిగే వేళ ఒక్క తడి ఇచ్చే నీళ్లకు, అంటే ఇక్కడ వాడుక నీరు అంటున్నదానికి మాత్రం విడిగా పద్దు లేదు. ఎడారి ప్రాంత అభివృద్ధి కార్యక్రమం ఉన్న రోజుల్లో మనిషికి 40 లీటర్లతో పాటు పశువుల కోసమని ఇంకో 30 లీటర్లు లెక్కలో ఉండేవి. మన అనంతపురం ఆ కార్యక్రమంలో ఉన్న జిల్లానే. ఇప్పటి 55 లీటర్లలో పశువుల వాటా లేదు. అయినా అవి ఆ కుళాయి నీళ్లే తాగుతున్నాయి.

పద్దు లేదంటే డబ్బు లేదని కాదు, నాలుగు చోట్ల ముక్కలుగా ఉంది. చిక్కల్లా ఈ నీళ్ల కోసం కుంట తవ్వడం దగ్గర కాదు, ఆ తర్వాతే. తవ్వకం కూలి పని, ఉపాధి హామీలో సులువుగా మంజూరవుతుంది. నీళ్లు ఇంకకుండా లోపల వేసే పొర (లైనింగు), కొట్టుకొచ్చే మట్టిని ఆపే పూడిక గుంత, పైపు, పశువుల తొట్టె ఇవన్నీ సామగ్రి కిందికి వస్తాయి. 2005 ఉపాధి హామీ చట్టం కూలికి 60 శాతం, సామగ్రికి 40 శాతం అని పెట్టింది. ఆ 40ని చాలాచోట్ల సిమెంటు రోడ్లే మింగేస్తాయి. అందుకే తవ్వి వదిలేసిన కుంటలు అన్ని కనిపిస్తాయి.

ముందు అవసరం లెక్క వేయండి. ఎండాకాలంలో పెద్ద పశువుకు రోజుకు 50 లీటర్లు, గొర్రెకు 5 లీటర్లు పెట్టుకోండి. 60 పశువులు, 400 గొర్రెలున్న ఊరికి రోజుకు 5,000 లీటర్లు, మూడు నెలలకు నాలుగున్నర లక్షల లీటర్లు.

ఇప్పుడు కుంట సంగతి. 10 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు, రెండున్నర మీటర్ల లోతు అనగానే 250 ఘనపు మీటర్లని రాసేస్తారు. గోడలు నిలువుగా ఉండవు కదా! 1:1 వాలు, అంటే మీటరు లోతుకు మీటరు లోపలికి పెడితే అడుగున మిగిలేది 5×5 మాత్రమే. పట్టేది సుమారు 145 ఘనపు మీటర్లు, అంటే లక్షా నలభై ఐదు వేల లీటర్లు. రోజుకు 6 మిల్లీమీటర్లు ఆవిరైతే నిండు కుంటలో 600 లీటర్లు గాలికే పోతాయి. ఏప్రిల్, మే నెలల్లో ఇంకా ఎక్కువ. ఎర్రనేలలో లైనింగు లేకపోతే ఇంకిపోయేది దీనికి అదనం. విడపనకల్లు, ఉరవకొండ వైపు నల్లరేగడిలో కొంత నయం. కాబట్టి ఎర్రనేలలో కుంటను వేసవి పశువుల నీటికి నమ్ముకోవద్దు. ఎకరాకు 25 మిల్లీమీటర్ల తడి ఇవ్వాలంటే లక్ష లీటర్లు కావాలి. స్ప్రింక్లర్లతో ఒక ఎకరాకు ఒక తడి: ఈ కుంట నుంచి అంతకుమించి ఆశించకూడదు. అది చిన్న సాయమేమీ కాదు.

లైనింగుకు 500 మైక్రాన్ల హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) షీటైతే ఐఎస్ 15351 అనే భారతీయ ప్రమాణం గుర్తు చూసి కొనండి. కొలత దగ్గర చాలామంది పొరబడతారు. పైన 10×10 ఉంది కదా అని షీటు కూడా 10×10 అడిగితే గట్టు దాకా రాదు. అడుగు 5, రెండు వాలులు చెరి మూడున్నర, గట్టు మీద కాలువలో పూడ్చడానికి రెండు వైపులా ఒక్కో మీటరు: మొత్తం 14×14 కావాలి. పరిచేముందు రాళ్లు, వేర్లు ఏరేయాలి. పశువులు దిగితే గిట్టలకు చిరిగిపోతుంది, కంచె తప్పదు. షీటు వద్దనుకుంటే ఆరు పాళ్ల జల్లించిన మట్టికి ఒక పాలు సిమెంటు కలిపి 5 సెంటీమీటర్ల మందాన పూయొచ్చు. నీళ్లు చల్లి తడి ఆరకుండా చూడకపోతే మాత్రం పగుళ్లు వస్తాయి. నీళ్లొచ్చే వైపు మీటరు లోతు పూడిక గుంత, రాతి పరుపు లేకపోతే రెండు వానలకే కుంట మెరక అవుతుంది.

మరి వేసవిలో పశువులకు? సత్యసాయి తాగునీటి పథకం వచ్చాక చాలా ఊళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువున్న బోర్లు పక్కన పడ్డాయి. ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే మనుషులు తాగకూడదు. పశువులకు 2 వరకు పర్వాలేదు. కొత్త బోరు వేయకముందు ఆ పాత బోరు నీళ్లు పరీక్ష చేయించి, మోటారు దించి తొట్టెకు కలపండి. దాన్ని తాగునీటి పైపుకు మాత్రం ఎక్కడా కలపకూడదు. సరఫరా ఆగినప్పుడు పైపులో ఖాళీ ఏర్పడి ఈ నీళ్లను తాగునీటిలోకి వెనక్కి లాగేస్తుంది. పైపు మూతి తొట్టె అంచుకు జానెడు పైన ఉండాలి, "తాగరాదు" అని పెద్దక్షరాల్లో రాయాలి. తొట్టె అడుగున కడిగి వదిలే రంధ్రం, చుట్టూ రెండు మీటర్ల సిమెంటు పరుపు ఎస్టిమేట్‌లోనే ఉండాలి. లేకపోతే నెలలో అక్కడ బురదగుంట తయారవుతుంది.

ఇక నిధులు. తవ్వకం, తొట్టె ఉపాధి హామీలో. సొంత పొలంలో కుంటైతే ఎస్సీ, ఎస్టీ, సన్న, చిన్నకారు రైతులకు వీలుంది. జాబ్ కార్డు ఉండాలి, ఇంట్లో ఒకరైనా ఆ పనిలో దిగాలి. పనికి ముందు, మధ్యలో, అయ్యాక మూడుసార్లు జియోట్యాగ్ (చోటు వివరం నమోదయ్యే) ఫొటోలు తీయాలి. మొదటి ఫొటో తీయకుండా తవ్వేస్తే బిల్లు చిక్కుల్లో పడుతుంది. 15వ ఆర్థిక సంఘం 2021–26 మధ్య పంచాయతీలకు ఇచ్చిన గ్రాంట్లలో 60 శాతం షరతులతో వచ్చింది. అందులో సగం తాగునీరు, వాననీటి సంరక్షణ, వాడిన నీటి పునర్వినియోగానికి. తీర్మానంలో "పశువుల తొట్టె" అని ఊరుకుంటే అది ఇలాంటి పద్దులో ఇమడదు. ఇంటి కప్పుల వాననీటిని తొట్టెకు మళ్లించే పని నిజంగానే ఉంటే అదే రాయండి. వాటర్‌షెడ్ (పరీవాహక అభివృద్ధి) ప్రాజెక్టు ఉన్న ఊళ్లకు 2021–26 కేంద్ర వాటర్‌షెడ్ పథకం 2.0లో మైదానాల్లో హెక్టారుకు 22,000 రూపాయల లెక్క పెట్టారు. లైనింగుకు అడగదగ్గ చోటు అదే. స్ప్రింక్లర్లకు సూక్ష్మసేద్యం రాయితీ: కేంద్ర నిబంధనల్లో సన్న, చిన్నకారు రైతుకు 55 శాతం.

వీటిని విడివిడి దరఖాస్తులుగా పంపకండి. ఒకే పటం మీద వాననీరు పారివచ్చే నేల (పరీవాహకం) నుంచి తొట్టె దాకా గీసి, ఒక్కో భాగం పక్కన పద్దు పేరు రాసి, గ్రామసభలో ఒకే తీర్మానం చేయించండి. లైనింగు డబ్బు ఏ పద్దు నుంచో తేలేదాకా తవ్వకం మొదలుపెట్టొద్దు. కరెంటు బిల్లు, 15 రోజులకోసారి తొట్టె కడిగి సున్నం కొట్టడం, మోటారు రిపేరు: వీటికి పై పథకాల డబ్బును నమ్ముకోవద్దు. ఇంటికెంత, గొర్రెల మందకెంత, ఎవరు వసూలు చేస్తారు అన్నది కూడా ఆ తీర్మానంలోనే రాయించండి.