పన్నెండేళ్ల పాపకి మొదటి గన్: ఈ ఎయిర్ రైఫిల్ ఇవ్వచ్చా?

నమస్తే అన్నలూ, అక్కలూ, తమ్ముళ్లూ! కడప నుంచి మళ్లీ వచ్చినా. టేబుల్ మీద ఉండే గన్ కనపడతాంది కదా, దీని పేరు, మోడల్, స్పెసిఫికేషన్లు స్క్రీన్ మీద పెట్టినా. మీరు ఇప్పటికే చూసే ఉంటారు, మళ్లీ చదవను. ఇది నేను కొన్నది కాదు. కంపెనీవాళ్లు పదహైదు రోజులు వాడి చెప్పమని పంపినారు. డబ్బులు తీసుకోలేదు. సోమవారం కొరియర్‌లో వెనక్కి పంపేస్తా.

పోయిన వీడియో చూసి తెలిసినోళ్లు శానామంది ఫోన్ చేసినారు, "మావోడికి మొదటి షాట్‌గన్ ఏది కొనాల?" అని. మన దేశంలో 21 ఏళ్లు నిండనిదే తుపాకి లైసెన్సు రాదు. పిల్లోళ్లు శిక్షణ కోసం పెద్దోళ్ల దగ్గరుండి కాల్చాల్సిందే. 2004 ఏథెన్స్‌లో రాజ్యవర్ధన్ సింగ్ రాథోడ్ డబుల్ ట్రాప్‌లో, అంటే గాల్లోకి ఎగిరే రెండు మట్టి పలకల్ని కొట్టే పోటీలో, వెండి పతకం తెచ్చినాడు, అది షాట్‌గన్ ఆటే. ఆ కోరిక తప్పని నేననను. కానీ మొదటి గన్ మాత్రం అది కాదు. ఏంటికో చెప్తా.

మా జేజినాయనకు పులివెందుల పక్కన చీనీ తోట ఉండేది. అడవిపందుల బాధకు ఒక సింగిల్ బ్యారెల్ పన్నెండు బోర్ షాట్‌గన్ పెట్టుకున్నాడు, లైసెన్సుదే. నాకు పదమూడేళ్లప్పుడు వెంటబడి వెంటబడి అడిగితే, ఒకరోజు సాయంత్రం మట్టిగట్టు మీదికి ఒక్క తూటా కాల్చనిచ్చినాడు. దాని కట్ట, అంటే భుజానికి ఆనించే వెనక చెక్క, నా చెయ్యికంటే పొడుగు. భుజానికి సరిగ్గా ఆనలేదు, చంక మీదికి జారింది. ఢాం అన్యాక నేను వెనక్కి రెండడుగులు పోయి కాలవలో కూర్చున్నా. వారంరోజులు భుజం నల్లగా కమిలిపోయింది. అది మానింది. మానంది ఇంకొకటి: ట్రిగ్గర్ నొక్కేముందే కన్ను మూసుకునే అలవాటు. అది పోయేసరికి నాకు మూడేళ్లు పట్టింది. ఇంకో పిల్లోడికి అట్ల కాకూడదనే ఈ వీడియో చేస్తాన్నా.

అందుకే ఎయిర్ రైఫిల్. ఇందులో మందు ఉండదు, గాలి ఒత్తిడే పెల్లెట్‌ను, అంటే చిన్న సీసం గుండును, తోస్తాది. గొట్టం లావు 0.177 క్యాలిబర్, పెల్లెట్ బయటికొచ్చే బలం 20 జూల్స్ లోపల ఉంటే లైసెన్సు అక్కర్లేదు. అభినవ్ బింద్రా 2008 బీజింగ్‌లో బంగారు పతకం కొట్టింది, గగన్ నారంగ్ 2012 లండన్‌లో కాంస్యం తెచ్చింది పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌తోనే. ఆ టార్గెట్‌లో పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరు. ఆవగింజలో సగం కూడా ఉండదు!

సరే, ఈ గన్. బ్యారెల్ బాగుంది, నిజంగా బాగుంది. నేను బల్ల మీద ఆనించి పది మీటర్ల నుంచి ఐదు పెల్లెట్లు కొడితే రూపాయి బిళ్ల కింద దాగిపోయినాయి. ట్రిగ్గర్ రెండు మెట్లు, ఆ రెండో మెట్టు దగ్గర వేలు ఆగేది స్పష్టంగా తెలుస్తాది. ఈ ధరకు ఇంత మంచి ట్రిగ్గర్ నేను చూడలేదు. ఇంతవరకూ నాకు సంతోషమే.

ఇప్పుడు మా అక్క కూతురిని పిలుస్తాన్నా. ఇట్ల రా అమ్మీ. దీనికి పన్నెండేళ్లు. మోచెయ్యి మడుచు. చూడండి, గన్ కట్ట చివర మోచేతి మడతలో పెడతాన్నా. ఇప్పుడు చూపుడువేలు ట్రిగ్గర్ మీదికి రావాల. అందుతాందా? అందలా. రెండు వేళ్ల దూరం ఆగిపోయింది. కట్ట చివరినుంచి ట్రిగ్గర్ దాకా నేను టేపు పెట్టి కొలిస్తే పద్నాలుగు అంగుళాలకు పైనే ఉంది, అది పెద్దోళ్ల కొలత. ఈ పాపకు పన్నెండున్నర కంటే ఎక్కువ పనికిరాదు. ఆ అంగుళంన్నర కోసం పాప ఏం చేస్తాందో చూడండి. నడుము వెనక్కి వంచుతాంది, భుజం తిప్పుతాంది, మెడ ముందుకు సాగదీస్తాంది. చెంప కట్టమీద ఆనడంలా, కన్ను సైట్ వెనక్కి రావడంలా. ఇట్ల నిలబడి ఇరవై కాలిస్తే టార్గెట్ మీద దోసె అంత వెడల్పున పడినాయి. పాప తప్పేమీ లేదు, కొలత తప్పు.

నాకు కోపమెక్కడంటే, అట్టపెట్టె మీద పెద్ద అక్షరాలతో పిల్లలకు అనువైనది అని రాసినారు. కట్ట కురచ చేసే స్క్రూ లేదు, తీసే పలకలు లేవు. పిల్లోళ్ల కోసమని అమ్మేటప్పుడు ఒక్క పాపను నిలబెట్టి చూసింటే ఇది పది నిమిషాల్లో తెలిసేది!

ఇంకోటి. లోడ్ చేయాలంటే బ్యారెల్ వంచాల కదా. సంచులు తూచే స్ప్రింగ్ త్రాసు బ్యారెల్ కొనకు తగిలించి లాగినా, పద్నాలుగు కిలోలు చూపింది. పాప రెండు చేతులతో మోకాలి మీద పెట్టి లాగుతాంది. ఆ పొజిషన్‌లో బ్యారెల్ చెయ్యి జారితే, వేలు ట్రిగ్గర్‌కి తగిలితే, బ్యారెల్ ఎగిరొచ్చి మూసుకుంటాది. మధ్యలో వేళ్లుంటే నుజ్జే. అందుకే పెల్లెట్ పెట్టేంతవరకూ రెండో చెయ్యి బ్యారెల్ వదలకూడదు, పక్కన పెద్దోళ్లు ఉండాల్సిందే. పెల్లెట్ లేకుండా ఉత్తగా కాల్చొద్దు, లోపల గాలిని నొక్కే పిస్టన్ సీల్ పోతాది. సీసం ముట్టుకున్న చేతులు కడుక్కోకుండా అన్నం తినొద్దు.

ఇంకా పిట్టలు. 1972 వన్యప్రాణి చట్టం ఉంది, చిలకల్ని కొట్టినా నేరమే. అంతరించిపోయిందనుకున్న కలివికోడి అనే పిట్ట 1986లో మళ్లీ కనపడింది మన కడప జిల్లాలోనే. ఈ జిల్లా పిల్లోళ్ల చేతికి గన్ ఇచ్చేటప్పుడు ముందు ఆ కథ చెప్పండి. కాగితం మీద, వెనక గట్టు పెట్టి కాల్చమనండి.

మా జేజినాయన తుపాకి సంగతి మిగిలింది. ఆ దెబ్బ తగిలినాక ఆయన నాకు ఒక పాత ఎయిర్ గన్ తెచ్చి, ఊర్లో వడ్లాయన దగ్గరికి పోయి కట్ట చివర అంగుళంన్నర కోయించినాడు. కోసిన ముక్క పారేయలేదు. నాకు పదహారేళ్లప్పుడు రెండు స్క్రూలు పెట్టి మళ్లీ బిగించినాడు. ఇదిగో, ఆ అతుకు ఇప్పటికీ తెలుస్తాది, వేలు పెడితే తగులుతాది. కంపెనీ గన్ వారంటీ పోతాదని ఎవరూ కోయరు. కానీ ఒక సగటు వడ్లాయన చేసిన పని కంపెనీకి చేతకాదా?

నా మాట: పదహైదు దాటిన పిల్లలకైతే, చెయ్యి పొడుగున్నోళ్లకైతే తీసుకోండి, ఆ ట్రిగ్గర్ కోసమైనా తీసుకోండి. పదీ పన్నెండేళ్ల వాళ్లకు మాత్రం వద్దు. కొనేముందు అంగట్లో ఆ మోచెయ్యి కొలత చూడండి. అంగడివాడు పెరిగినాక సరిపోతాదిలే అంటే నమ్మొద్దు. పిల్లోళ్లు చెప్పుల్లోకి పెరుగుతారు, గన్‌లోకి కాదు.

అమ్మీ, ఆ పాత గన్ మోచేతిలో పెట్టు. ఆఁ... చూడండి, వేలు ఎట్ల వచ్చి కూర్చుందో. ఇప్పటికి ఆ స్క్రూలు మళ్లీ ఊడదీసి పెట్టినాలే. పద, చీకటి పడేలోపల ఇంకో పది కాల్చుకో.