ఎస్టిమేట్‌లో సున్నం ఎక్కడ? విశాఖ పాత కట్టడాలు, బీచ్‌రోడ్డు బొమ్మలపై చర్చ

(స్టూడియోలో పాల్గొన్నవారు: పరిరక్షణ పనులు చేసే ఆర్కిటెక్ట్, టౌన్ ప్లానింగ్‌లో పనిచేసి రిటైరైన అధికారి, లోహశిల్పి)

సమన్వయకర్త: అందరికీ నమస్కారం. వన్‌టౌన్‌లో రాణీబొమ్మ, అంటే విక్టోరియా రాణి విగ్రహం దగ్గర నిలబడితే నడిచిపోయేంత దూరంలో టౌన్‌హాలు, కురుపాం మార్కెట్, రేవు పక్కన మూడు కొండల మీద చర్చి, దర్గా, వెంకటేశ్వరస్వామి గుడి. అక్కడి నుంచి బీచ్‌రోడ్డుకి వస్తే వరసగా విగ్రహాలు, తుక్కు ఇనుముతో చేసిన బొమ్మలు, గోడల మీద రంగులు. పాతవి పెచ్చులూడుతున్నాయి, కొత్తవి తుప్పు పడుతున్నాయి. రెంటికీ డబ్బు ఖర్చవుతూనే ఉంది. లోపం ఎక్కడుంది? ముందు ప్లానర్ గారూ, మీరు చెప్పండి.

ప్లానర్: లోపం జాబితా దగ్గరే మొదలవుతుందండీ. 74వ రాజ్యాంగ సవరణతో వచ్చిన 12వ షెడ్యూల్లో మొదటి అంశం పట్టణ ప్రణాళిక, 13వ అంశం సాంస్కృతిక, సౌందర్య విషయాల ప్రోత్సాహం. రెండూ నగరపాలక సంస్థ పనులే. కానీ పాత కట్టడం అనగానే అందరూ పురావస్తు శాఖ వైపు చూస్తారు. కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడమైతే చుట్టూ 100 మీటర్లు నిషేధం, ఆపైన మరో 200 మీటర్లు నియంత్రణ. అనకాపల్లి దగ్గర బొజ్జన్నకొండకి అది వర్తిస్తుంది. రాష్ట్రం రక్షించేవాటికి 1960 చట్టం ఉంది. ఈ రెండు జాబితాల్లోనూ లేని పాత మేడ సంగతేమిటి? దానికి అండ ప్లానింగ్ రూల్సే.

సమన్వయకర్త: మాస్టర్ ప్లాన్‌లో గుర్తిస్తే సరిపోదా?

ప్లానర్: మ్యాపు మీద చుక్క పెడితే చాలదు. కూల్చివేతకి దరఖాస్తు వచ్చిన రోజు ఆ చుక్క ఏ స్థలానిదో గుమాస్తాకి తెలియాలి. అందుకని ప్రతి కట్టడానికీ టౌన్ సర్వే నంబరు, వార్డు, బ్లాకు, యజమాని, నాలుగు వైపులా ఫొటోలు, కొలతలతో గీసిన ప్లాను, ఏ సామగ్రితో కట్టారు, ఇప్పుడెలా ఉంది, ఇవన్నీ ఒకే పేజీలో ఉండాలి. ఆ నంబరు ఆన్‌లైన్ పర్మిషన్ సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కాలి. అప్పుడే ఆ నంబరుతో కూల్చివేత దరఖాస్తు పెడితే ఫైలు తనంతట తాను ఆగుతుంది. లేకపోతే మామూలు ఫైలులా కదిలిపోతుంది. శుక్రవారం సాయంత్రం కూల్చడం మొదలుపెడితే సోమవారానికి ఖాళీ స్థలం!

ఆర్కిటెక్ట్: గ్రేడు సంగతి కూడా చెప్పండి సార్. జనం భయపడేది దానికే.

ప్లానర్: అవును. కేంద్రం 2016లో ఇచ్చిన నమూనా బిల్డింగ్ బైలాస్‌లో మూడు గ్రేడులున్నాయి. మొదటి గ్రేడుకి లోపలా బయటా చెయ్యి పెట్టకూడదు, కట్టడం నిలవడానికి తప్పనిసరైన పని తప్ప. రెండో గ్రేడులో లోపల మార్పులు చేసుకోవచ్చు, వాడకం మార్చుకోవచ్చు. మూడోదానికి ఇంకా సడలింపు. వన్‌టౌన్ ఇళ్లు చాలావరకు రెండు, మూడు గ్రేడుల్లోకే వస్తాయని నా అభిప్రాయం. ‘జాబితాలోకెక్కితే మేకు కూడా కొట్టనివ్వరు’ అనే మాట నిజం కాదు. ఆ భయంతోనే కొందరు జాబితా ప్రకటించేలోపు ఇల్లు కూల్చేసుకుంటారు. అందుకే ముసాయిదా ప్రకటించిన రోజు నుంచే తాత్కాలిక రక్షణ ఉండాలి. అభ్యంతరాలు ఆ తర్వాత వినాలి. ఈ వరస తప్పితే జాబితాయే కూల్చివేతకి నోటీసు అవుతుంది. యజమాని కోల్పోయే అంతస్తులకి బదులు టీడీఆర్ బాండు, అంటే ఆ నిర్మాణ హక్కుని వేరే చోట వాడుకునేందుకో అమ్ముకునేందుకో పత్రం ఇవ్వాలి. దాన్ని కూడా కట్టడం బాగుచేశాక సగం, మూడేళ్లు బాగా చూసుకున్నాక మిగతా సగం ఇస్తే మేలు.

సమన్వయకర్త: మేడమ్, జాబితాలో ఉండి, డబ్బు మంజూరై, బాగుచేసిన కట్టడాలు కూడా రెండు మూడు వానాకాలాలకే పెచ్చులూడుతున్నాయి. ఎందుకని?

ఆర్కిటెక్ట్: ఎస్టిమేట్‌లో సున్నం ఉండదు కనక. ఇది మాటవరసకి అనడం లేదు. ఇంజినీరు ఎస్టిమేట్ వేసేది ఎస్.ఎస్.ఆర్., అంటే ప్రభుత్వ పనుల ప్రామాణిక ధరల పట్టికలోని రేట్లతో. సిమెంటు ప్లాస్టరింగ్‌కి రేటు చేతిలో సిద్ధంగా ఉంటుంది. డంగు సున్నం పని రాయాలంటే విడిగా రేట్ అనాలిసిస్ చెయ్యాలి, కొటేషన్లు తేవాలి, పై అధికారి ఆమోదం తీసుకోవాలి, రేపు ఆడిట్‌లో అడిగితే జవాబు చెప్పుకోవాలి. అంత తలనొప్పి ఎందుకని సిమెంటు రాసేస్తారు. గోడ పాడవడం ఆ కాగితం మీదే మొదలవుతుంది.

సమన్వయకర్త: సిమెంటు గట్టిది కదా, గట్టిది మంచిది కాదా?

ఆర్కిటెక్ట్: అదే చిక్కు. పాత గోడ ఇటుక, సున్నం. లేదంటే మన కొండరాయి, ఖోండలైట్. ఇవి చెమ్మని పీల్చుకుంటాయి, ఎండకి వదిలేస్తాయి. సముద్రపు గాలిలో ఉప్పు ఉంటుంది, నేలలోంచి పైకెక్కే చెమ్మలోనూ ఉంటుంది. సున్నపు పూత మీద నీరు ఆవిరైతే ఉప్పు బయటికి తేలుతుంది, చీపురుతో దులిపేస్తాం. సిమెంటు పూస్తే నీరు బయటికి రాలేదు. ఉప్పు పూత వెనకాల గడ్డకడుతుంది, స్ఫటికాలు పెరిగి ఇటుక ముఖాన్ని తోస్తాయి. పెచ్చు ఊడినప్పుడు సిమెంటు వెనక అరంగుళం ఇటుక పొడి అంటుకుని వస్తుంది చూడండి, అదీ సంగతి. ప్రతి మరమ్మతుకీ గోడ అంత మందం పోగొట్టుకుంటుంది. నేల నుంచి మీటరు, మీటరున్నర ఎత్తు వరకూ ఇది ఎక్కువ.

ఖోండలైట్ కథ ఇంకా సున్నితం. అందులో పొరలుంటాయి, ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ అది మట్టిగా మారుతుంది. అలాంటి రాళ్ల సందుల్లో సిమెంటు అతుకు (పాయింటింగ్) పెడితే రాయి అరిగిపోయి, సిమెంటు గీతలు గూడులా మిగులుతాయి. నియమం ఒక్కటే: అతుకు ఎప్పుడూ రాయి కంటే మెత్తగా ఉండాలి. చెడితే అతుకు చెడాలి, రాయి కాదు.

సమన్వయకర్త: అయితే సరైన పని ఏ వరసలో సాగాలి?

ఆర్కిటెక్ట్: ముందు నీళ్ల దారి చూడాలి. డాబా మీద పగుళ్లు, మూసుకుపోయిన తూములు, గోడ మొదట్లో ఎత్తు పెంచిన రోడ్డు. ఇవి సరిచెయ్యకుండా గోడ ముట్టుకోవడం దండగ. తరవాత సిమెంటుని ఉలితో, చేత్తో తియ్యాలి, మెషీన్ పెట్టకూడదు. సందుల్ని వాటి వెడల్పుకి రెండింతల లోతు గీకాలి. ఉప్పు ఎక్కువుంటే కాగితపు గుజ్జుని మంచినీళ్లతో తడిపి గోడకి పట్టించి, ఎండాక తీసెయ్యాలి, ఇలా రెండు మూడు సార్లు. ఆ తరవాతే పూత. సున్నం కనీసం పదిహేను రోజులు నీళ్లలో నానాలి, నెలైతే ఇంకా మంచిది. నానని గడ్డ ఒక్కటి ఉన్నా పూతలో బొబ్బలా పేలుతుంది. ఒక పాలు సున్నానికి ఇసుక, సుర్కీ (ఇటుక పొడి) రెండూ కలిపి మూడు పాళ్లు. సుర్కీకి మెత్తగా కాలిన ఇటుక కావాలి, నల్లగా మాడిన ఇటుక పొడి పనిచెయ్యదు. ఇసుక ఏటి ఇసుకే, తీరం ఇసుక వద్దు. మన పెద్దలు కరక్కాయ, బెల్లం నీళ్లు కలిపేవారు. అవి కలపడం తెలిసిన మేస్త్రీ ఉంటేనే కలపండి. కొలత తప్పితే పూత ఎన్నాళ్లకీ గట్టిపడదు.

ఒక్కో పూత 12 మిల్లీమీటర్లు దాటకూడదు. గోనెపట్టాలు కట్టి కనీసం వారం రోజులు తడిగా ఉంచాలి. సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌తో గట్టిపడుతుంది, దాన్ని తొందరపెట్టలేం. వర్క్ ఆర్డర్లో 45 రోజుల గడువు పెడితే కాంట్రాక్టరు ఏం చేస్తాడు? రాత్రికి రాత్రి అందులో సిమెంటు కలుపుతాడు.

ప్లానర్: కాంట్రాక్టరు తప్పు ఒక్కటే కాదు మేడమ్. కొలతల పుస్తకంలో పని రాయాలంటే పూర్తయిన చదరపు మీటర్లు కావాలి. నానబెట్టడానికీ తడపడానికీ బిల్లు ఉండదు.

ఆర్కిటెక్ట్: అదే నేనూ అంటున్నది. నానబెట్టడం, ఉప్పు తియ్యడం, తడపడం విడివిడి ఐటమ్స్‌గా రాయండి, విడిగా డబ్బివ్వండి. మొదట ఒక చదరపు మీటరు నమూనా పూత వేయించి, నెల రోజులు చూసి, అది బాగుంటేనే మిగతాది. పైకప్పు దూలాలు విప్పితే గానీ లోపల పుచ్చు కనబడదు కాబట్టి టేకుకి తాత్కాలిక పరిమాణం రాసి పెట్టాలి. అలా రాయకపోతే పని మధ్యలో ఆగుతుంది, విప్పిన కప్పు మీద తుపాను వాన పడుతుంది. పని డిసెంబరు నుంచి మార్చి లోపల జరిగేలా టెండరు ఆగస్టులోనే పిలవాలి. మన దగ్గర అక్టోబరు అంటే ఏమిటో 2014 హుద్‌హుద్ తుపాను చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు. విశాఖ దగ్గరి తొట్లకొండ బౌద్ధ మహాస్తూపంలో కొంత భాగం కూలింది కూడా 2019 అక్టోబరు వానలకే.

సమన్వయకర్త: ఇప్పుడు బీచ్‌రోడ్డుకి వద్దాం. శిల్పిగారూ, బొమ్మకి ఆయుష్షు ఎందుకు తక్కువ?

శిల్పి: ఇక్కడ బొమ్మకి ఇద్దరు శత్రువులు, ఉప్పు, గాలి. గాలి లెక్క ముందు చెప్తాను, దాన్ని పట్టించుకునేవాళ్లు తక్కువ. భారత ప్రమాణాల ప్రకారం విశాఖకి డిజైన్ గాలి వేగం సెకనుకి 50 మీటర్లు, అంటే గంటకి 180 కిలోమీటర్లు. ఆ వేగాన్ని వర్గం చేసి 0.6తో గుణిస్తే చదరపు మీటరుకి 1500 న్యూటన్లు, సుమారు 150 కిలోలు. మూడు మీటర్ల ఎత్తు, రెండు మీటర్ల వెడల్పు తెరచాప ఆకారం అనుకోండి. దాని మీద 900 కిలోల తోపు. పీఠం, పునాది కలిపి మీటరు ఎత్తుంటే ఆ తోపు పునాది అడుగు నుంచి రెండున్నర మీటర్ల పైన పడుతుంది. పునాది వెడల్పు మీటరున్నర అయితే తిరగబడకుండా ఉండటానికే మొత్తం బరువు 3 టన్నులు కావాలి. ఒకటిన్నర రెట్లు భద్రత వేసుకుంటే నాలుగున్నర. ఇది మోటు లెక్కే. ఆకారాన్ని బట్టి, ఎత్తుని బట్టి ఇంజినీరు మళ్లీ వెయ్యాలి. కానీ ‘బొమ్మ 300 కిలోలేగా’ అని టైల్స్ పీఠం మీద నాలుగు బోల్టులతో నిలబెడితే తుపాను రోజు అది ఎగిరి ఎవరి మీద పడుతుందో చెప్పలేం.

సమన్వయకర్త: ఉప్పు సంగతి?

శిల్పి: తుక్కు బొమ్మల్లో చైన్లు, గేర్లు, బేరింగులు అన్నీ సందులే. సందులో ఉప్పు నీరు నిలుస్తుంది, అక్కడికి బ్రష్ వెళ్లదు. చుక్కలు చుక్కలుగా వెల్డింగ్ పెడితే రెండు రేకుల మధ్య తుప్పు ఉబ్బి అతుకుని విడదీస్తుంది. అందుకని వెల్డింగ్ తెగకుండా చుట్టూ నడవాలి, గొట్టాలకి కింద నీళ్లు కారే రంధ్రాలుండాలి. పెయింటుకి ముందు గ్రిట్ బ్లాస్టింగ్, అంటే గరుకు రేణువుల్ని గాలి ఒత్తిడితో కొట్టి తుప్పు వదిలించడం, ఎస్‌ఏ 2.5 స్థాయికి (దాదాపు తెల్లటి లోహం కనబడేదాకా), అదే రోజు జింక్ ఎపాక్సీ ప్రైమర్ 75 మైక్రాన్లు, మధ్యలో ఎపాక్సీ, పైన పాలీయురేథేన్. మొత్తం 300 మైక్రాన్లకి తగ్గకూడదు. మీటరు పెట్టి కొలిచి బిల్లివ్వాలి. బొమ్మని బీచ్‌కి తెచ్చాక బ్లాస్టింగ్ చేస్తే లాభం లేదు, గంటల్లో ఉప్పు పట్టేస్తుంది. స్టెయిన్‌లెస్ స్టీలు అయితే 316 రకం తీసుకోండి, 304 మీద ఇక్కడ గోధుమరంగు మచ్చలు తేలతాయి. మామూలు ఇనుముకి స్టెయిన్‌లెస్ బోల్టు నేరుగా తగిలిస్తే బోల్టు బాగుంటుంది, చుట్టూ ఇనుము పోతుంది. మధ్యలో నైలాన్ వాషరూ గొట్టమూ పెట్టాలి.

ఇవన్నీ చేసినా మంచినీళ్లతో కడగాలి. వానాకాలం వానే కడుగుతుంది. మిగతా నెలల్లో పదిహేను రోజులకోసారి ట్యాంకర్ చాలు. బీచ్‌రోడ్డులో చెట్లకి నీళ్లు పోసే ట్యాంకర్లు రోజూ బొమ్మ పక్క నుంచే వెళ్తాయి కదా!

ప్లానర్: నిలబెట్టే చోటు గురించి నేనొక మాట కలుపుతాను. 2013 జనవరిలో సుప్రీంకోర్టు రోడ్ల మీద, ఫుట్‌పాత్‌ల మీద విగ్రహాలకి అనుమతి ఇవ్వొద్దంది. కూడలి మధ్య కాకుండా పార్కులో పెట్టుకోవాలి. తవ్వే ముందు చేత్తో ట్రయల్ గొయ్యి తీయించాలి. హుద్‌హుద్ తరవాత నగరంలో చాలాచోట్ల కరెంటు కేబుళ్లు భూమిలోకి వెళ్లాయి. సముద్రం వైపు అయితే సీఆర్‌జెడ్ (తీరప్రాంత నియంత్రణ) అనుమతి విడిగా చూసుకోవాలి.

సమన్వయకర్త: గోడ బొమ్మల మాటేమిటి? ఏదైనా పెద్ద సమావేశం వస్తే పాత బొమ్మ మీద కొత్త రంగు పడుతోంది.

శిల్పి: అది నిజంగా బాధ పెట్టే విషయం. కాపీరైట్ చట్టం 57వ సెక్షన్ కళాకారుడికి తన పని చెడకుండా అడిగే హక్కు ఇస్తుంది. విజ్ఞాన్ భవన్‌లో అమర్‌నాథ్ సెహగల్ చేసిన కంచు కుడ్యశిల్పాన్ని 1979లో తీసేస్తే, 2005లో ఢిల్లీ హైకోర్టు దాన్ని ఆయనకే ఇమ్మని, 5 లక్షల పరిహారం కట్టమంది. కాబట్టి ఒప్పందంలో బొమ్మ ఎన్నేళ్లుండాలి, తీసేముందు ఎన్ని రోజుల నోటీసు, చెడితే ఎవరు దిద్దాలి అన్నవి ముందే రాసుకోవాలి. గోడకి అయిదేళ్లు, లోహానికి పాతికేళ్లు అని నేనంటాను.

ఆర్కిటెక్ట్: ఒక మనవి. పాత సున్నపు గోడ మీదా, కొండరాతి గోడ మీదా యాక్రిలిక్ రంగు వెయ్యకండి. బొమ్మ ఎంత బాగున్నా అది సిమెంటు పూతలాగే గోడని మూసేస్తుంది. కాంక్రీటు గోడలు బోలెడున్నాయి, వాటి మీద వెయ్యండి. అక్కడైనా కొత్త ప్లాస్టరు 28 రోజులు ఆరాలి. ఘాట్ దారుల్లో కొండమట్టిని ఆపే రిటైనింగ్ గోడలైతే నీళ్లు కారే కన్నాలు మూయకూడదు. మూస్తే వెనక నీరు చేరి రంగు బుడగలెత్తుతుంది, గోడకీ ప్రమాదం.

సమన్వయకర్త: చివరగా ఒక ప్రేక్షకుడి ప్రశ్న. వన్‌టౌన్‌లో తాతలనాటి ఇల్లు, కింద గోడంతా చెమ్మ. చేతిలో ఎక్కువ డబ్బు లేదు. ఈ వానలకి ముందు ఏం చెయ్యాలని అడుగుతున్నారు.

ఆర్కిటెక్ట్: బాబుగారూ, డాబా ఎక్కి తూములు శుభ్రం చెయ్యండి. పగుళ్లలో సున్నం, సుర్కీ నింపండి. గోడ మొదట్లో వేసిన సిమెంటు అరుగుని ఒక అడుగు వెడల్పు కొట్టించి, ఆ సందులో కంకర పోయించండి, నేల ఊపిరి పీలుస్తుంది. లోపల ఆయిల్ పెయింటు ఉంటే మీటరు ఎత్తు వరకూ గీకించి, పల్చటి సున్నం మూడు పూతలు వెయ్యండి, ప్రతి పూతకీ ముందు గోడ తడిపి. ‘డాంప్‌ప్రూఫ్’ అని డబ్బాలో అమ్మేది ప్రస్తుతానికి కొనకండి. వానలయ్యాక జనవరిలో గోడ ఎంత ఎత్తు వరకూ తడిగా ఉందో పెన్సిల్‌తో గీత గీసి, తేదీ వెయ్యండి. వచ్చే ఏడాది గీత కిందికి దిగితే పని సరిగ్గా జరిగినట్టు. దిగకపోతే నీరు పైపు నుంచో పక్కింటి మురుగు నుంచో వస్తోంది, అది వెతకాలి.